మిమ్మల్ని ఎవరు చెయ్యమన్నారు? – డబ్లిన్, 1916

ఆ కాగితాన్ని దగ్గర పెట్టుకుని చూస్తే అచ్చు అతుకులబొంతలా ఉంటుంది. 1916 ఏప్రిల్ 23, ఈస్టర్ ఆదివారం నాడు డబ్లిన్‌లో లిబర్టీ హాల్ అనే కార్మిక సంఘం భవనంలో, ఓ పాత యంత్రం మీద ముగ్గురు ప్రెస్సు కార్మికులు దాన్ని అచ్చువేశారు. అక్షరాల దిమ్మలు వేరే ప్రెస్సు నుంచి అరువు తెచ్చుకున్నారు. అవీ చాల్లేదు. పేజీ మొత్తానికి సరిపడా టైపు లేక, ముందు పై సగం కూర్చి అచ్చువేసి, ఆ అక్షరాలనే విప్పి మళ్లీ కింది సగం కూర్చారు. ఇంగ్లీషులో మాటిమాటికీ వచ్చే 'ఇ' అక్షరాలు అయిపోతే వేరే రకంవి తెచ్చి ఇరికించారు. ఒకచోట 'ఎఫ్' అక్షరం కింద లక్క అంటించి 'ఇ'గా మార్చేశారు. 2,500 కాపీలు వెయ్యాలనుకుని వెయ్యితో సరిపెట్టుకున్నారు.

మర్నాడు మధ్యాహ్నం, నగరం నడిబొడ్డున జనరల్ పోస్టాఫీసు ముందు నిలబడి పాట్రిక్ పియర్స్ అనే బడి పంతులు దాన్ని పైకి చదివాడు. ఇవాళ్టి నుంచి ఐర్లండ్ స్వతంత్ర రిపబ్లిక్ అన్నాడు. విన్నవాళ్లు కొద్దిమందే. లోపల స్టాంపులు కొనుక్కోవడానికి వచ్చినవాళ్లను అప్పటికే బయటికి పంపేశారు. వాళ్లకు రిపబ్లిక్ సంగతి కంటే పోస్టాఫీసు ఎందుకు మూసేశారన్నదే పెద్ద ప్రశ్న అయ్యుంటుంది.

ఆరో రోజుకి తిరుగుబాటుదారులు లొంగిపోయారు. నగరం మధ్యభాగం కాలి బూడిదైంది. ఖైదీలుగా వీధుల్లో నడిపించుకెళ్తుంటే కొన్నిచోట్ల సొంత ఊరి జనమే బూతులు తిట్టారు, చెత్త విసిరారు. అదే సంఘటనను ఇవాళ ఐర్లండ్ తన పుట్టుకగా చెప్పుకుంటుంది, ఏటా ఆ పోస్టాఫీసు ముందే సైనిక వందనం జరుపుతుంది. ఓడిపోయిన, ఎవరూ అడగని తిరుగుబాటు ఒక దేశానికి జన్మపత్రిక ఎలా అయింది?

జవాబు కోసం ఆ ప్రకటన మొదటి వాక్యం దగ్గరే ఆగాలి. 'ఐరిష్ పురుషులారా, ఐరిష్ స్త్రీలారా' అని ఇద్దరినీ కలిపి పిలుస్తుంది. పార్లమెంటు ఎన్నికల్లో స్త్రీలకు ఓటే లేని రోజుల్లో అది చిన్న సంగతి కాదు. ఆ వెంటనే, ఈ పిలుపు ఎవరి పేరిట ఇస్తున్నారో చెబుతుంది: దేవుడి పేరిట, గతించిన తరాల పేరిట. బతికున్నవాళ్ల సమ్మతి ఊసు లేదు. కింద సంతకాలు ఏడు. పరిస్థితులు కుదుటపడ్డాక స్త్రీపురుషులందరి ఓటుతో ప్రభుత్వం ఏర్పడుతుందని మాట ఇచ్చారు, అది నిజమే. కానీ అప్పటిదాకా వాళ్లకు అధికారం ఇచ్చింది చచ్చిపోయినవాళ్లు. ఈ ఒక్క మెలిక అర్థమైతే తర్వాత వందేళ్ల ఐరిష్ రాజకీయం సగం అర్థమవుతుంది.

జేబులో చట్టం, చేతిలో తుపాకి

బతికున్నవాళ్లను అడిగుంటే ఏమనేవారు? చాలామంది 'హోం రూల్ వచ్చేసిందిగా, ఇంకెందుకు గొడవ' అనేవారు. హోం రూల్ అంటే బ్రిటన్ కిందే ఉంటూ పరిమితమైన స్వపరిపాలన.

ఐర్లండ్‌కు ఉన్న సొంత పార్లమెంటును రద్దుచేసి 1801లో బ్రిటన్‌తో కలిపేశారు. 1840లలో బంగాళాదుంప పంట కుళ్లి వచ్చిన కరువులో దాదాపు పది లక్షల మంది చనిపోయారు, మరో పది లక్షల మంది ఓడలెక్కి వెళ్లిపోయారు. 1798, 1803, 1848, 1867 – తరానికొకటి చొప్పున తిరుగుబాట్లు లేచి అణిగిపోయాయి. ప్రకటనలోని 'గతించిన తరాలు' వీళ్లే. ఆ పక్కనే ఇంకో దారి నడిచింది: లండన్ పార్లమెంటుకి వెళ్లి, ఓట్లు లెక్కపెట్టి, పరిమితమైన స్వపరిపాలన తెచ్చుకోవడం. 1886లో, 1893లో బిల్లులు పెట్టించారు, అవి వీగిపోయాయి. 1911లో ప్రభువుల సభకు బిల్లుల్ని శాశ్వతంగా అడ్డుకునే అధికారం పోవడంతో, 1912లో పెట్టిన మూడో బిల్లు ఎప్పటికైనా చట్టం కాక తప్పదని తేలిపోయింది. జాన్ రెడ్మండ్ నాయకత్వంలోని ఐరిష్ పార్లమెంటరీ పార్టీ జీవితకాలపు కష్టం ఫలించే రోజు వచ్చింది.

అక్కడే ఉత్తరాన అల్‌స్టర్ ప్రాంతపు ప్రొటెస్టెంట్లు అడ్డం తిరిగారు. కాథలిక్కుల మెజారిటీ ఉండే డబ్లిన్ పాలన తమకు వద్దన్నారు. 1912 సెప్టెంబరులో స్త్రీపురుషులు కలిపి 4,70,000 మందికి పైగా ప్రతిజ్ఞాపత్రాల మీద సంతకాలు పెట్టారు. మర్నాటి సంవత్సరం సొంత సైన్యమే పెట్టుకున్నారు. 1914 ఏప్రిల్‌లో లార్న్ రేవులో వేల తుపాకులు దించుకుంటే ఎవరూ ఆపలేదు. వాళ్ల మీదికి వెళ్లమంటే రాజీనామా చేస్తామని బ్రిటిష్ సైన్యంలోని అధికారులే కొందరు చెప్పేశారు.

అది చూసి దక్షిణాన జాతీయవాదులు ఊరుకోలేదు. 'ఐరిష్ వాలంటీర్లు' పేరుతో వాళ్లూ దళం కట్టారు, వాళ్లూ హౌత్ రేవులో తుపాకులు దించుకున్నారు. ఈసారి మాత్రం సైన్యం కదిలింది. ఆ సాయంత్రం డబ్లిన్ వీధిలో జనం మీద కాల్పులు జరిగి పౌరులు చనిపోయారు. ఒకే నేరం, రెండు కొలతలు. పార్లమెంటు దారి మీద నమ్మకం పోవడానికి చాలామందికి ఆ తేడా చాలు. ఐరిష్ రాజకీయాల్లోకి తుపాకిని మళ్లీ తెచ్చింది 1916 వీరులేనని చెప్పడం సగం నిజమే. మిగతా సగం లార్న్ రేవులో దిగింది.

ఇంతలో ప్రపంచ యుద్ధం. 1914 సెప్టెంబరు 18న హోం రూల్ చట్టంపై రాజముద్ర పడింది, అదే రోజు యుద్ధం అయ్యేదాకా అమలు వాయిదా పడింది. పెళ్లి కుదిరింది, ముహూర్తం మాత్రం తర్వాత చెబుతామన్నట్టు. రెడ్మండ్ అది చాలనుకున్నాడు, బ్రిటిష్ సైన్యంలో చేరండని తన వాళ్లకు పిలుపిచ్చాడు. వాలంటీర్లు రెండుగా చీలారు. లక్షన్నరకు పైగా ఆయన వెంట వెళ్లారు. ఓవెన్ మెక్‌నీల్ అనే చరిత్ర ప్రొఫెసరు దగ్గర మిగిలింది పది పన్నెండు వేల మంది.

రహస్యం లోపల రహస్యం

మెక్‌నీల్ పిరికివాడు కాదు, లెక్క తెలిసినవాడు. ప్రభుత్వం తుపాకులు లాక్కోవడానికొస్తే పోరాడదాం, గెలిచే అవకాశం లేకుండా మనంతట మనం మొదలుపెట్టడం నైతికంగా తప్పు అన్నది ఆయన వాదన. మనం దేశం అంటున్నది కవులు ఊహించుకున్న స్త్రీమూర్తి కాదని, కళ్ల ముందున్న నిజమైన జనమని 1916 ఫిబ్రవరిలో తన వాళ్లకు రాసిపెట్టాడు. తిరుగుబాటుకు వ్యతిరేకంగా ఇంతకంటే మంచి వాదన తర్వాత కూడా ఎవరూ రాయలేదని నా అభిప్రాయం.

కానీ ఆయన దళం లోపలే ఇంకో దళం ఉంది. ఐరిష్ రిపబ్లికన్ బ్రదర్‌హుడ్ అనే రహస్య సంఘం కీలక పదవుల్లో తన మనుషుల్ని కూర్చోబెట్టింది. బ్రిటిష్ జైళ్లలో 15 ఏళ్లు గడిపొచ్చి డబ్లిన్‌లో పొగాకు దుకాణం పెట్టుకున్న టామ్ క్లార్క్, పోలియోతో కుంటుతూ నడిచే షాన్ మక్ డియర్మడ దాని మెదడు. పియర్స్ గొంతు. కార్మిక నాయకుడు జేమ్స్ కానలీది వేరే కథ. 1913లో యజమానులు వేలాది కార్మికుల్ని పనిలోంచి గెంటేసినప్పుడు, పోలీసుల లాఠీల నుంచి కాపాడుకోవడానికి పుట్టిన 'సిటిజన్ ఆర్మీ' ఆయనది. వీళ్లు కదలకపోతే నేనే కదులుతానని ఆయన పట్టుబట్టడంతో 1916 జనవరిలో ఆయన్నీ రహస్యంలో కలుపుకున్నారు.

ఏర్పాటు ఇది: ఈస్టర్ ఆదివారం వాలంటీర్లకు మామూలు కవాతు అని చెబుతారు, ఆ కవాతే తిరుగుబాటు అవుతుంది. జర్మనీ నుంచి తుపాకులు వస్తాయి. కాంగోలో, అమెజాన్ అడవుల్లో రబ్బరు వ్యాపారుల దారుణాలు బయటపెట్టి బ్రిటన్ చేత సర్ బిరుదు పొందిన రోజర్ కేస్‌మెంట్, అదే బ్రిటన్ మీద పోరుకి జర్మనీ వెళ్లి సాయం అడిగాడు. 20,000 తుపాకులతో 'ఔడ్' అనే ఓడ బయల్దేరింది. తీరా పశ్చిమ తీరం చేరేసరికి అందుకునేవాళ్లు లేరు. చేరాల్సిన తేదీ మార్చిన సంగతి ఓడకు తెలియలేదు, అందులో వైర్‌లెస్సే లేదు. నౌకాదళం పట్టుకుంది, కెప్టెన్ ఓడను తనే ముంచేశాడు. గుడ్ ఫ్రైడే నాడు జలాంతర్గామి నుంచి ఒడ్డుకు దిగిన కేస్‌మెంట్ అదే రోజు అరెస్టయ్యాడు.

తన వెనక ఏం జరుగుతోందో మెక్‌నీల్‌కి ఆఖరి మూడు రోజుల్లో తెలిసింది. మండిపడ్డాడు, తుపాకులొస్తున్నాయంటే మెత్తబడ్డాడు, ఓడ మునిగిందనగానే మళ్లీ అడ్డం తిరిగాడు. ఆదివారం పేపర్లో ప్రకటన వేయించాడు: కవాతులన్నీ రద్దు. దాంతో దేశమంతా లేవాల్సింది డబ్లిన్‌కి, కొన్ని జిల్లాలకి కుదించుకుపోయింది. ఏడుగురు మాత్రం ఒక్క రోజు వాయిదా వేసి సోమవారం ముందుకే వెళ్లారు. మనం చావడానికే పోతున్నామని కానలీ ఆ ఉదయం ఓ స్నేహితుడితో అన్నాడంటారు.

బిస్కట్ ఫ్యాక్టరీ, బాతులు, మిఠాయి కొట్టు

మొదటి రోజు వచ్చింది వెయ్యికి కాస్త పైన, వారంలో పదహారు వందల దాకా. బ్రిటిష్ అధికారులు చాలామంది సెలవు కదా అని గుర్రప్పందేలకు పోయారు. పోస్టాఫీసు, కోర్టు భవనాలు, ఓ బిస్కట్ ఫ్యాక్టరీ, ఓ బేకరీ, ఓ పేదల ఆశ్రమం తిరుగుబాటుదారుల చేతికొచ్చాయి. బ్రిటిష్ పాలనకు కేంద్రమైన డబ్లిన్ కోట ఆ పూట దాదాపు కాపలా లేకుండా ఉంది. ఆ సంగతి తెలియక గేటు దాకా వెళ్లి, అక్కడి పోలీసును కాల్చి, వెనక్కొచ్చేశారు.

సెయింట్ స్టీఫెన్స్ గ్రీన్ అనే పార్కులో సిటిజన్ ఆర్మీ కందకాలు తవ్వుకుంది. చుట్టూ ఎత్తైన భవనాలున్న పార్కులో కందకం తవ్వడమంటే బావిలో కూర్చుని యుద్ధం చెయ్యడమే. మర్నాడు సైనికులు పక్కనున్న హోటల్ పై అంతస్తుల్లోంచి మిషన్ గన్ పెట్టారు, వీళ్లు పార్కు వదిలి పారిపోవాల్సొచ్చింది. అయితే ఆ పార్కు చెరువులో బాతులున్నాయి. వాటికి మేత వెయ్యడానికి కాపలాదారుడు వస్తే ఇరుపక్షాలూ కాల్పులు ఆపేవి. చదివినప్పుడు కట్టుకథ అనుకున్నాను, కానీ డబ్లిన్‌లో అందరూ ఒప్పుకునే సంగతే.

పోస్టాఫీసు ఉన్న వీధిలో పోలీసులు మాయమయ్యేసరికి పక్కనున్న మురికివాడల జనం దుకాణాల మీద పడ్డారు. యూరప్‌లోనే అతి హీనమైన ఇళ్లలో, ఒకే గదిలో కుటుంబమంతా బతికే పేదలు వాళ్లు. పిల్లలు మిఠాయి కొట్టు అద్దాలు పగలగొట్టారు. బొమ్మల దుకాణంలో దొరికిన బాణసంచా నడివీధిలో కాల్చారు. జీవితంలో ఒక్కసారీ లోపల అడుగుపెట్టని దుకాణంలోంచి చాక్లెట్లు జేబులో నింపుకున్న పిల్లాడికి ఆ రోజు రిపబ్లిక్ అంటే అదే. తిరుగుబాటుదారులు మాత్రం దీనికి సిగ్గుపడ్డారు, ఆపబోయి విఫలమయ్యారు.

బుధవారం నుంచి ఆట మారింది. నదిలోకొచ్చిన 'హెల్గా' నౌక నుంచి, నగరంలో దించిన ఫిరంగుల నుంచి గుళ్లు పడ్డాయి. మౌంట్ స్ట్రీట్ వంతెన దగ్గర పదిహేడు మంది, ఇంగ్లండ్ నుంచి అప్పుడే దిగిన కుర్ర సైనికుల్ని గంటల తరబడి ఆపేశారు. పక్క వీధిలోంచి చుట్టూ తిరిగి పోవచ్చు, కానీ నేరుగానే పొమ్మని పైనుంచి ఆర్డర్. చనిపోయిన, గాయపడ్డ సైనికుల లెక్క వంద దాటింది. శుక్రవారానికి పోస్టాఫీసు అంటుకుంది. లోపలివాళ్లు మూర్ స్ట్రీట్‌కి పారిపోయి, గోడలకు కన్నాలు పెట్టుకుంటూ ఇంటి నుంచి ఇంటికి పాకారు. తెల్లజెండాతో బయటికొచ్చిన పౌరులు తూటాలకు కూలిపోవడం చూశాక పియర్స్ ఇక చాలన్నాడు.

ఆ శనివారం లొంగుబాటు కబురు మోసుకెళ్లింది ఎలిజబెత్ ఓఫారెల్ అనే నర్సు. పియర్స్ ఓ బ్రిటిష్ జనరల్ ముందు నిలబడి లొంగిపోతున్న ఫొటో ఒకటుంది. ఆమె ఆయన పక్కనే నిలబడింది, కెమెరాకు ఆయన వెనక దాగిపోయి బూట్లు, లంగా అంచు మాత్రం కనిపిస్తాయి. తర్వాత అచ్చైన కొన్ని ప్రతుల్లో ఆ బూట్లు కూడా చెరిపేశారు. ఐరిష్ స్త్రీలను పేరుపెట్టి పిలిచిన ప్రకటన సంగతి ఆ తర్వాత ఏమైందో చెప్పడానికి వేరే వ్యాసం అక్కర్లేదు.

మొత్తం చనిపోయినవాళ్లు 485 మంది దాకా అని ఒక లెక్క. సగం కంటే ఎక్కువ మంది ఏ పక్షమూ కాని మామూలు జనం. పిల్లలే 40 మంది. తిరుగుబాటుదారులు, ఉరి, కాల్పుల శిక్షలు పడ్డవాళ్లతో కలిపినా, ఎనభై చిల్లర. మరి జనం తిట్టకేం చేస్తారు? రొట్టె లేదు, ఇల్లు కాలింది. భర్తలు, కొడుకులు ఫ్రాన్స్‌లో బ్రిటిష్ యూనిఫాంలో ఉంటే నెలనెలా ప్రభుత్వం ఇచ్చే భత్యంతో ఇల్లు గడుపుకునే ఆడవాళ్ల తిట్లు మరీ ఘాటుగా ఉన్నాయి. వాళ్ల కోపానికి కారణం ఉంది. సరిగ్గా ఆ వారమే, ఫ్రాన్స్‌లో ఉలుక్ దగ్గర జర్మన్లు విషవాయువు వదిలితే ఐరిష్ డివిజన్‌లో ఐదు వందల మందికి పైగా చనిపోయారు. ప్రకటనలో 'యూరప్‌లోని మన వీర మిత్రులు' అని ఉన్నది ఆ జర్మన్ల గురించే. ఆ తల్లుల్ని దేశద్రోహులనడం నా వల్ల కాదు.

మే నెలలో పది రోజులు

ఇక్కడితో కథ అయిపోవాలి. అవనివ్వలేదు.

జనరల్ జాన్ మాక్స్‌వెల్ చేతికి సైనిక పాలన వచ్చింది. 3,500 మందిని పట్టుకున్నారు. అందులో తిరుగుబాటుతో ఏ సంబంధమూ లేనివాళ్లు బోలెడు. సైనిక కోర్టులు తలుపులు మూసి, వకీలు లేకుండా, కొందరి విషయంలో నిమిషాల్లో విచారణ ముగించాయి. 90 మందికి మరణశిక్ష రాశాయి. అమలైంది డబ్లిన్ కిల్మేనమ్ జైల్లో 14, కార్క్‌లో ఒకటి, ఆగస్టులో లండన్‌లో కేస్‌మెంట్‌కి ఉరి. ఆ యుద్ధకాలంలో శత్రువుతో చేతులు కలిపిన నేరానికి పదహారు పెద్ద సంఖ్యేం కాదని ప్రభుత్వం అనుకుంది. పొరపాటు అంకెలో కంటే పద్ధతిలో ఉంది.

మే 3న ముగ్గురు. 4న నలుగురు. 5న ఒకరు. 8న నలుగురు. 9న కార్క్‌లో ఒకరు. 12న ఇద్దరు. ఎవర్ని, ఎప్పుడు చంపుతారో బయట తెలీదు. కాల్చాక పేపర్లో నాలుగు ముక్కలు వస్తాయి. ఇంకా ఎంతమందో తెలియని ఆ పది రోజులు ఊరు ఊరంతా రోజూ పొద్దున్నే పేపరు తెరిచి చూసింది. ఒక కవయిత్రో నాయకుడో చెప్పనక్కర్లేకుండా, బజారులో ఫొటోలు, చర్చిలో ప్రార్థనలు మొదలయ్యాయి. క్షయతో చావుకి దగ్గరైన జోసెఫ్ ప్లంకెట్ కాల్చే ముందు కొన్ని గంటలు ఉందనగా జైలు ప్రార్థనా మందిరంలో గ్రేస్ గిఫర్డ్‌ని పెళ్లిచేసుకున్నాడు. పియర్స్ తమ్ముడు విల్లీ నాయకుడేం కాదు, అన్న వెంట వెళ్లినవాడు. ఆ తల్లి ఇద్దర్నీ రెండు రోజుల్లో పోగొట్టుకుంది. ఆఖరి రోజు కానలీ. చీలమండ పగిలి నిలబడలేని మనిషిని అంబులెన్సులో తెచ్చి, కుర్చీలో కూర్చోబెట్టి కాల్చారు. ఈ కుర్చీ ఐరిష్ జ్ఞాపకంలోంచి ఇప్పటికీ కదల్లేదు.

శవాల్ని ఇస్తే సమాధులు గుళ్లవుతాయని మాక్స్‌వెల్ భయం. అందుకే సున్నంలో వేసి అర్బర్ హిల్ సైనిక ఆవరణలో పూడ్పించాడు. ఆ చోటే గుడి అయింది.

శాంతివాది ఫ్రాన్సిస్ షీహీ స్కెఫింగ్టన్ ఉదంతం కూడా అప్పుడే బయటికొచ్చింది. లూటీలు ఆపుదాం రండని జనాన్ని కూడగడుతూ తిరిగిన ఆయన్ని ఓ అధికారి పట్టుకుని ఏ విచారణా లేకుండా బ్యారక్స్‌లో కాల్పించాడు. నార్త్ కింగ్ స్ట్రీట్‌లో సైనికులు ఇళ్లలోకి దూరి పౌరుల్ని చంపిన సంగతీ పొక్కింది. తిరుగుబాటును వ్యతిరేకించిన జాన్ డిల్లన్ అనే ఎంపీయే లండన్ పార్లమెంటులో లేచి, మా జీవితకాలపు కృషిని రక్తంలో కడిగేస్తున్నారు మీరు అని అరిచాడు. ఆయనకు విషయం అర్థమైంది. పోతున్నది తిరుగుబాటుదారులు కాదు, తన పార్టీ.

ఓటు వెనక్కి తిరిగి వచ్చింది

ఇందులో ఒక తమాషా ఉంది. షిన్ ఫేన్ పార్టీ పార్టీగా ఈ తిరుగుబాటులో లేదు. ఆర్థర్ గ్రిఫిత్ పెట్టిన ఆ చిన్న పార్టీ ఒకే రాజు కింద రెండు రాజ్యాలు చాలనేది. కానీ అధికారులు, పత్రికలు దీన్ని 'షిన్ ఫేన్ తిరుగుబాటు' అని పిలిచి ఊరూరా ప్రచారం చేసిపెట్టారు. శత్రువు పెట్టిన పేరు కలిసొచ్చింది. జైళ్ల నుంచి బయటికొచ్చినవాళ్లు 1917లో ఆ పార్టీలోనే చేరి, తిరుగుబాటులో పాల్గొని మరణశిక్ష తప్పించుకున్న ఎమన్ డి వలేరాను అధ్యక్షుణ్ణి చేసుకున్నారు. 1918లో ఐర్లండ్‌లో నిర్బంధ సైనిక భర్తీ పెడతామని లండన్ బెదిరించడంతో మిగిలిన మొగ్గు కూడా ఇటే వచ్చింది. కాల్పులతో సానుభూతి వచ్చింది కానీ, ఓట్లు తెచ్చింది ఈ భర్తీ భయమేనన్నది మర్చిపోకూడదు.

1918 డిసెంబరు ఎన్నికల్లో 105 స్థానాల్లో షిన్ ఫేన్‌కి 73. రెడ్మండ్ పార్టీకి ఆరు. గెలిచినవాళ్లలో స్టీఫెన్స్ గ్రీన్‌లో తుపాకి పట్టిన కాన్‌స్టన్స్ మార్కివిచ్ ఉంది. బ్రిటిష్ కామన్స్ సభకు ఎన్నికైన మొట్టమొదటి మహిళ ఆమె, అప్పుడు జైల్లో ఉంది, సభకు వెళ్లనూ లేదు. గెలిచిన షిన్ ఫేన్ వాళ్లలో జైలు బయట ఉన్నవాళ్లు డబ్లిన్‌లోనే 1919 జనవరి 21న సొంత సభ తీర్చుకుని 1916 రిపబ్లిక్‌ని ఖాయం చేశారు. 'మిమ్మల్ని ఎవరు చెయ్యమన్నారు' అన్న ప్రశ్నకు జనం రెండున్నరేళ్లు ఆలస్యంగా 'మేమే' అన్నారు. ముందు పని, తర్వాత అనుమతి. ఇది చాలా ప్రమాదకరమైన వరుస, ఎందుకంటే ఆ తర్వాత తుపాకి పట్టిన ప్రతివాడూ నాకూ రేపు వస్తుంది అనుమతి అనుకోవచ్చు.

ఈ ఉదాహరణ మన దాకా వచ్చింది. మనకు పాఠాల్లో తెలిసిన అనిబిసెంట్ హోం రూల్ లీగు 1916 సెప్టెంబరులో మద్రాసులో మొదలైంది. పేరు ఐర్లండ్ నుంచి తెచ్చుకున్నదే, కాకపోతే అక్కడ ఆ మాటకు అప్పటికే విలువ పడిపోతోంది. బరంపురం తెలుగు కుటుంబం నుంచి 1913లో డబ్లిన్‌కి లా చదవడానికి వెళ్లిన కుర్రాడు వరాహగిరి వెంకటగిరి అదంతా దగ్గరగా చూశాడు. ఆయన చదివిన కాలేజీలో ఇంగ్లీషు అధ్యాపకుడు థామస్ మక్‌డొనా, ప్రకటన మీద సంతకం పెట్టిన ఏడుగురిలో ఒకడు, మే 3న కాల్పులకు బలయ్యాడు. 1916లోనే గిరి ఐర్లండ్ వదిలి రావాల్సొచ్చింది. ఇక్కడికొచ్చాక పట్టుకున్నది తుపాకి కాదు, రైల్వే కార్మికుల సంఘం. అంటే ఆయన వెంట తెచ్చుకున్నది కానలీలోని సగం. పాతపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికై, తర్వాత 1969లో రాష్ట్రపతి అయ్యాడు. ఇంకో సగాన్ని చిట్టగాంగ్‌లో సూర్యసేన్ బృందం తీసుకుంది: 1930 ఏప్రిల్ 18న, ఈస్టర్ వారంలోని గుడ్ ఫ్రైడే నాడే, 'ఇండియన్ రిపబ్లికన్ ఆర్మీ' అని పేరు పెట్టుకుని ఆయుధాగారాల మీద దాడి చేసింది.

ఐర్లండ్‌ని ఊరికే మన తోటి బాధితుల్లా చూస్తే మాత్రం పొరబడతాం. జలియన్‌వాలాబాగ్ నాటి పంజాబ్ గవర్నరు మైకేల్ ఓడ్వయర్ టిప్పరరీ జిల్లా ఐరిష్ కాథలిక్కే. 1920లో తమ దేశంలో బ్రిటిష్ దారుణాలు విని జలంధర్‌లో తుపాకులు కింద పెట్టేసిన కనాట్ రేంజర్స్ సైనికులూ ఐరిష్ వాళ్లే. ఆ తిరుగుబాటుకు అదే రెజిమెంటులోని జేమ్స్ డాలీ అనే కుర్రాణ్ణి కాల్చి చంపారు. సామ్రాజ్యం బరువు మోసిన భుజం, దాని లాఠీ పట్టిన చెయ్యి ఒకే ఒంటికి ఉన్నాయి.

ఆస్తి పంపకాలు

బ్రిటన్‌తో నడిచిన గెరిల్లా యుద్ధం తర్వాత 1921 డిసెంబరులో ఒప్పందం కుదిరింది. 26 జిల్లాలకు దాదాపు స్వాతంత్ర్యం, కానీ రాజుకి విధేయతా ప్రమాణం చెయ్యాలి. అల్‌స్టర్‌లోని ఆరు జిల్లాలు అప్పటికే విడిపోయి బ్రిటన్ కిందే ఉండిపోయాయి. 1922 జనవరి 7న సభలో 64–57 ఓట్లతో అది గట్టెక్కింది. సభలోని ఆరుగురు స్త్రీలూ వ్యతిరేకంగా వేశారు. వాళ్లలో పియర్స్ తల్లి ఉంది, టామ్ క్లార్క్ భార్య ఉంది. రిపబ్లిక్‌ని స్థాపించింది చనిపోయినవాళ్లైతే, దాన్ని వదులుకునే హక్కు బతికున్నవాళ్ల మెజారిటీకి ఎక్కడిది? వాదన ఆ లక్క అతికించిన కాగితం నుంచి నేరుగా వస్తుంది. ఒప్పందం వద్దన్నవాళ్లు మళ్లీ కోర్టు భవనాల్ని ఆక్రమించారు. కొత్త ప్రభుత్వం బ్రిటిష్‌వాళ్ల దగ్గర ఫిరంగులు అరువు తెచ్చి వాళ్లను కాల్చింది. అంతర్యుద్ధంలో ఐరిష్ ప్రభుత్వం మరణశిక్ష వేసి చంపిన ఐరిష్ వాళ్లు 77 మంది. మాక్స్‌వెల్ లెక్క పదిహేను.

ఉత్తరానికి ఇంకో 1916 ఉంది. జులై 1న ఫ్రాన్స్‌లో సోమ్ యుద్ధం మొదలైన రెండు రోజుల్లో అల్‌స్టర్ డివిజన్‌లో సుమారు 5,500 మంది చనిపోవడమో గాయపడటమో జరిగింది. మీరు వెనక నుంచి పొడిచిన ఏడాదే మేం బ్రిటన్ కోసం నెత్తురు ధారపోశాం అన్నది వాళ్ల జ్ఞాపకం. దక్షిణాన, ఆ యుద్ధంలోనే చనిపోయిన వేలాది ఐరిష్ కాథలిక్ సైనికుల ఊసు దశాబ్దాల పాటు ఎవరూ ఎత్తలేదు. తాత బ్రిటిష్ మెడల్ ఇంట్లో ఉంటే దాచిపెట్టుకున్నారు.

1966లో స్వర్ణోత్సవాలు ఘనంగా చేశారు. ఆ ఏడాది మార్చిలోనే పోస్టాఫీసు పక్కనున్న, బ్రిటిష్ నౌకాధిపతి నెల్సన్ పేరిట కట్టిన స్తంభాన్ని ఎవరో పేల్చేశారు. మూడేళ్లకే ఉత్తరాన హింస మొదలై 1998 గుడ్ ఫ్రైడే శాంతి ఒప్పందం దాకా 3,500 మందిని మింగింది. అక్కడ బాంబులు పెట్టిన ఐఆర్ఏ (ఐరిష్ రిపబ్లికన్ ఆర్మీ) అడిగిన ప్రశ్న డబ్లిన్ పాలకుల గొంతుకు అడ్డం పడింది: ఓటు లేకుండా పియర్స్ చేస్తే వీరుడు, మేం చేస్తే హంతకులమా? దీనికి శుభ్రమైన జవాబు లేదు. అందుకే 1991లో 75 ఏళ్ల పండుగను మొక్కుబడిగా కానిచ్చేశారు. ఒకప్పుడు గర్వంగా చెప్పుకున్న పుట్టినరోజును పక్కింటివాళ్లకు వినిపించకుండా జరుపుకున్నట్టు.

ప్రకటనలో అందరూ ఎత్తి చెప్పే మాట ఒకటుంది: జాతి బిడ్డలందర్నీ సమానంగా లాలిస్తాం అని. ఇళ్ల సమస్య మీద ధర్నా అయినా, చర్చి నడిపిన పిల్లల ఆశ్రమాల్లో జరిగిన అకృత్యాల మీద చర్చ అయినా ఈ వాక్యమే బ్యానర్ మీదికి వస్తుంది. నిజానికి రాసినవాళ్ల ఉద్దేశం పసిపిల్లలు కాదు. ఆ వాక్యం చివరిదాకా చదివితే, పరాయి ప్రభుత్వం పెంచి పోషించిన విభేదాలు మర్చిపోయి మైనారిటీని కలుపుకుంటామని, అంటే ప్రొటెస్టెంట్లని. ఆ మాట నిలబెట్టుకోలేదు. జనం తప్పుగా చదువుకున్న అర్థం మాత్రం ప్రభుత్వాల్ని ఇప్పటికీ నిలదీస్తోంది. తప్పు చదువు ఒక్కోసారి అసలు కంటే పనికొస్తుంది.

2016లో శతాబ్ది వచ్చేసరికి వేడి తగ్గింది. అప్పటికే 2011లో ఎలిజబెత్ రాణి డబ్లిన్ వచ్చి, తిరుగుబాటుదారుల స్మారక ఉద్యానంలో తల వంచి నిలబడింది. శతాబ్దికి గ్లాస్నెవిన్ శ్మశానవాటికలో ఒక నల్లటి గోడ కట్టారు. ఆ వారంలో చనిపోయిన ప్రతి ఒక్కరి పేరూ దాని మీద చెక్కారు: తిరుగుబాటుదారు, పోలీసు, బ్రిటిష్ సైనికుడు, వీధిలో ఆడుకుంటూ చచ్చిపోయిన పిల్లాడు, అందరూ ఒకే సైజు అక్షరాల్లో. ఈసారి టైపు కొరత లేదు. మా వీరుల పక్కన వాళ్లను చంపినవాళ్ల పేర్లా అని కొందరికి కోపం వచ్చింది. 2017లో ఎవరో రంగు కుమ్మరించారు. 2020లో ఎవరో సుత్తితో పగలగొట్టారు. బాగుచెయ్యడం, కాపలా కాయడం చేతకాక, ఇక ఆ గోడను కొనసాగించబోమని నిర్వాహకులు చెప్పేశారు.